బోర్లించిన బుట్ట

ఆ మ్యూజియంలో అద్దాల బీరువాలు తుడిచి తాళాలేసే ఆవిడని అందరూ తాళాలత్త అనేవారు. ముప్ఫయ్యేళ్ల ఉద్యోగం. ఆ ముప్ఫయ్యేళ్లూ ఆవిడ ప్రాణమంతా ఒక్క వెదురుబుట్ట మీదే. వాళ్లమ్మ అల్లింది మరి! ఆవిడ చిన్నప్పుడు ఎవరో పెద్దమనిషి వచ్చి మ్యూజియంకని అడిగి పట్టుకుపోయాడు. బుట్ట ముందున్న చీటీ మీద మాత్రం "అల్లినవారు తెలియదు" అనుంటుంది.

మొదటి పెద్దసారు, మనుషులంతా నాగరికత అనే ఒకే నిచ్చెన ఎక్కుతున్నారన్నాడు. బుట్టని అట్టడుగు మెట్టున పెట్టించి, పైమెట్టున ఇనప్పెట్టె పెట్టించాడు. రెండో సారొచ్చి, "నిచ్చెనేంటి, నా మొహం! ఎవరి బతుకు వాళ్లది, ఎవరి సామాను వాళ్లతోనే ఉండాలి" అని బుట్టని అదే ఊరి కొడవలి పక్కకి చేర్చాడు. మూడో ఆయన, ఏ వస్తువు ఏ పనికొస్తుందో అదే ముఖ్యమన్నాడు. దాంతో బుట్ట గిన్నెల్లోకి పోయింది. ప్రతిసారీ మోసి నడుం పడిపోయింది మాత్రం తాళాలత్తకే. "బాబూ, మా అమ్మ పేరు రాయండి" అని ప్రతిసారీ అడిగింది కూడా. "చూద్దాంలే" అన్నవాళ్లే అందరూ.

ఇప్పుడు కొత్త మేడమ్. వస్తువులో దాగిన అర్థం చదవాలంటుంది. పోనీ, ఈవిడైనా వింటుందేమోనని తాళాలత్త మళ్లీ నోరు తెరిచింది.

"రుజువేముందత్తా? రిజిస్టర్లో లేదే" అంది మేడమ్.

తాళాలత్త బుట్ట తిప్పి చూపించింది. "ఇదిగో, అడుగున ఈ వంకర కుట్టు. ఎనిమిదేళ్లప్పుడు నేను వేసిందే. అమ్మ వీపు మీద ఒక్కటిచ్చి, ఉండనియ్యిలే, నీ గుర్తుగా ఉంటుంది, అంది."

"అబ్బ! ఈ కుట్టులో ఎంత అర్థముందో!" మేడమ్ గబగబా పుస్తకంలో రాసుకుంది.

మర్నాడు కొత్త చీటీ వచ్చింది. తాళాలత్తకి చదువు అంతంతమాత్రమే అయినా ఆ రెండు మాటలూ కంఠతా వచ్చు. "అల్లినవారు తెలియదు."

ఒళ్లు మండిపోయింది. బుట్టని బోర్లించి, వంకర కుట్టు పైకొచ్చేలా పెట్టి, తాళం వేసేసింది.

మేడమ్ చూసి పుస్తకం తీసింది. "బోర్లించారేం అత్తా? మీవాళ్లలో దీనికేమైనా అర్థముందా?"

"ఆరడానికమ్మా! కడిగాక మా అమ్మ ఇలాగే పెట్టేది!"

మేడమ్ అదీ రాసుకుంది.

"అన్నీ రాస్తారు. ఆ ఒక్క పేరు రాయడానికే చెయ్యి రాదేం తల్లీ?"

"రిజిస్టర్లో లేదు కదత్తా, నేనేం చెయ్యను?"

"సరే, బుట్ట తిరగెయ్యాలంటే ఆ రిజిస్టర్నే వచ్చి తాళం తియ్యమనండి" అని గుత్తి నడుముకి దోపుకుని తాళాలత్త చరచరా వెళ్లిపోయింది.