గడియారం కింది రంగు

రంగు క్రేయాన్లు పోసే ఆ ఫ్యాక్టరీలో టీ బల్ల దగ్గర రోజుకో దేశం పుట్టేది. టీ చల్లారేలోగా దాని సరిహద్దులు కూడా ఖాయమైపోయేవి.

ఆ సరిహద్దులు గీసేది కొనుగోళ్ళు చూసే పెద్దాయన. మైనమూ, రంగు పొడులూ ఎక్కడెక్కడి నుంచో ఓడల మీద తెప్పించడం ఆయన ఉద్యోగం. పరాయిదేదీ మన ఒంటికి పడదని చెప్పడం ఆయన తీరిక. రెండు పనులూ ఒకే మనిషి ఒకే కుర్చీలో కూర్చుని చేస్తున్నా ఒకదానికొకటి ఎప్పుడూ అడ్డు రాలేదు. ఆయన మాటకి వంత పాడేది అమ్మకాల విభాగంలో ఒకాయన. పంచదార తక్కువైందని చెప్పడానికి కూడా లేచి నిలబడి గొంతు సవరించుకునే మనిషి కాబట్టి ఆయన్ని అందరూ ఉపన్యాసం అనేవారు, ఆయన లేనప్పుడు. మూడో కుర్చీ జీతాలు చూసే ఆవిడది. వయసుతో పని లేకుండా ఆఫీసు మొత్తానికీ ఆవిడ వదిన. నాలుగో కుర్చీలో, కుర్చీ సగమే తనదైనట్టు అంచు మీద, రంగులావిడ కూర్చునేది.

రంగులావిడ పని కింద రంగుల గదిలో. పొడులు తూచి, కరిగిన మైనంలో కలిపి, పుల్లతో తిప్పి, పలక మీద చుక్క వేసి చూసుకోవడం. ఆ గది పెత్తనం చూసే ముసలాయన కళ్ళు సరిగ్గా ఆనక ఇంటికి వెళ్ళిపోయాక ఆయన కుర్చీ ఖాళీ అయింది. చేతులున్న కుర్చీ. వెనక్కి వాలొచ్చు. ఆ గదిలో ఆమె కన్నా పాతవాళ్ళు లేరు. ఆమె నాన్న కూడా అక్కడే మైనం కాచి, ముంజేతుల మీద మచ్చలు మిగుల్చుకుని పోయాడు. ఆ కుర్చీ తనకి రావాలని ఆమెకి ఉంది. ఎవరితోనూ అనలేదు గాని, ఎవరూ లేనప్పుడు రెండు మూడుసార్లు అందులో కూర్చుని చూసుకుంది కూడా.

కుర్చీ ఎవరికివ్వాలో యజమానురాలికి చెప్పేది పెద్దాయన. పెద్దాయనకేమో ఆమె పని మీద ఏ అనుమానమూ లేదు. ఉన్న అనుమానం వేరు.

"ఇంతకీ మీదెక్కడమ్మా?"

"ఇక్కడేనండీ. ఫ్యాక్టరీ వెనక వీధి."

"అది ఇల్లు. అసలు?"

"అసలూ అదేనండీ. అక్కడే పుట్టాను."

"పుట్టడం ఎక్కడైనా పుడతారు తల్లీ. రైల్లో పుట్టినవాళ్ళు లేరూ? అసలు సంగతి అడుగుతున్నా."

అసలు సంగతి ఏమిటంటే, ఆమె తాత పనులు వెతుక్కుంటూ సరిహద్దు అవతలి నుంచి నడిచి వచ్చినవాడు. ఒకరోజు వదిన తలనొప్పిగా ఉందంటే ఆమె కణతలు నొక్కుతూ, మాటల్లో ఈ ముక్క చెప్పేసింది. "నా కడుపులో పెట్టుకుంటానమ్మా," అంది వదిన. పెట్టుకుంది. సాయంత్రానికి అజీర్ణం చేసి అందరికీ వడ్డించేసింది.

జవాబు తెలిసిపోయింది కదా అని పెద్దాయన ఆ ప్రశ్న మానలేదు. పైగా ముద్దుగా అడిగేవాడు.

ఇలా ఉండగా బళ్ళోకి వెళ్ళే పిల్లల పెట్టెలో ఒక రంగు మీద గొడవొచ్చింది. 'ఒంటి రంగు' అని చీటీ అంటించి ఆ కంపెనీ తరాలుగా అమ్ముతున్న క్రేయాన్ పుల్ల ఒకటుంది. ఉడకబెట్టిన రొయ్య ఎంత గులాబీగా ఉంటుందో అంత గులాబీగా ఉండేది. ఆ రంగు ఒళ్ళున్న మనిషిని ఆ ఫ్యాక్టరీలో ఎవరూ చూడలేదు. ఎవరికీ ఆ సంగతి తట్టనూ లేదు. ఎక్కడో ఒక పిల్ల దాంతో అమ్మ బొమ్మ వేసి, "ఇదెవరే?" అని ఆ అమ్మ చేతే అడిగించుకుందట. ఆ తల్లి ఊరుకోలేదు, ఇంకొందరు తల్లులు తోడయ్యారు. యజమానురాలు ఫోన్లోనే తేల్చేసింది: ఆ గులాబీ ఆపండి, మనవాళ్ళ ఒళ్ళు ఏ రంగో ఆ రంగు చెయ్యండి, పేరు 'మన రంగు'.

ఉపన్యాసం కళ్ళు చెమర్చాయి. "ఇది వ్యాపారం కాదండీ," అని లేచి నిలబడ్డాడు. "ఇది జాతి తన్ను తాను చూసుకునే ఘడియ."

"కూర్చోండి, టీ ఒలుకుతోంది," అంది వదిన.

మీటింగు పై అంతస్తులో పెట్టారు. ఆ గదికి కొత్తగా పసుపు దీపాలు వేయించారు. వాటి కింద ఎవరైనా సరే పెళ్ళి వీడియోలో ఉన్నట్టు మిలమిలలాడిపోతారు. రంగులావిడ నమూనా పుల్లల ట్రే పట్టుకుని గోడవారగా నిలబడింది.

"ముందు మనవాళ్ళంటే ఎవరో తేలాలి," అన్నాడు పెద్దాయన. "అది తేలితే రంగు అదే తేలుతుంది."

"చూడగానే తెలిసిపోతుంది సార్," అన్నాడు ఉపన్యాసం. "మన ముక్కు వేరు. ఎక్కడున్నా పట్టేయొచ్చు."

గదిలో అందరి చేతులూ ఒకసారి ముక్కుల దాకా వెళ్ళి, ఏమీ ఎరగనట్టు దిగిపోయాయి.

"మా పెద్దదానికి నా ముక్కొచ్చింది, చిన్నదానికి వాళ్ళ నాన్నది," అంది వదిన. "అంటే మా ఇంట్లో రెండు దేశాలున్నాయంటారా? నిజమేలెండి, ఆ ఇద్దరికీ క్షణం పడదు."

"మీకన్నీ హాస్యాలే వదినగారూ."

"హాస్యమేముంది? నా ముక్కు దేశంలో ఉందో లేదో చెప్పండి, జాగ్రత్త పడతాను."

ముక్కు వ్యవహారం అక్కడితో ఆగి, చేతుల దగ్గరికి వచ్చింది. అందరూ చొక్కాలు మడుచుకుని బల్ల మీద చేతులు చాపారు, సూది వేయించుకోవడానికి వచ్చినట్టు. ఒక చెయ్యి ఇంకో చెయ్యిలా లేదు. వదినది ఒకలా ఉంది, ఉపన్యాసానిది చెక్క రంగులో ఉంది, పెద్దాయనకి మోచేతి దగ్గర ఒక రంగూ మణికట్టు దగ్గర ఇంకొకటీ. రంగులావిడ కూడా ట్రే పక్కన పెట్టి, అలవాటు కొద్దీ చెయ్యి చాపబోయింది.

"మీరొద్దులెండమ్మా," అన్నాడు పెద్దాయన, ఎంతో మర్యాదగా. "ఏమీ అనుకోకండి. లెక్క తప్పుతుంది."

ఆమె చెయ్యి తీసేసింది. ట్రే మళ్ళీ ఎత్తుకుంది. ట్రే కింద చేతులు కనిపించవు.

"ఇవన్నీ ఎండ తిన్న రంగులు," అన్నాడు పెద్దాయన తన చేతినే అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ. "ఎండ మనది కాదు, వస్తుంది పోతుంది. అసలు రంగు ఎండ తగలని చోట ఉంటుంది." కాసేపు ఆలోచించాడు. వదిన కంగారుగా తల తిప్పుకుంది. కాని ఆయన గడియారం విప్పాడంతే. పట్టీ కింద వేలెడు వెడల్పున ఒక తెల్లటి పట్టె. ఆయన మణికట్టు బల్ల మీద పెట్టి, ఆ పట్టెని కన్నబిడ్డని చూసినట్టు చూశాడు. "ఇదీ మనం."

ఉపన్యాసం చప్పట్లు కొట్టాడు.

అలా ఆ దేశపు అసలు రంగు ఒక గడియారం కింద దొరికింది. ఇక రంగులావిడ మెట్లు ఎక్కడం, దిగడం. కింద కలిపి పైకి తెస్తుంది. పసుపు దీపాల కింద పెద్దాయన పట్టె బంగారంలా వెలుగుతోంది, పుల్లేమో పాలిపోయినట్టుంది. "ఇంకాస్త గోధుమ వెయ్యండి." మళ్ళీ తెస్తుంది. "కాస్త ఎరుపు. మనది వేడి రక్తం." మళ్ళీ వెళ్తుంది. బయట వెలుగులో ఒకసారి చూసుకోవాలన్న ఇంగితం ఆ పూట ఎవరికీ తట్టలేదు. రోజూ ఆ పనే చేసే ఆమెకీ తట్టలేదు. "లెక్క తప్పుతుంది" అన్న మాట మెట్టు మెట్టుకీ కాలికి తగులుతుంటే రంగులు ఎక్కడ కనిపిస్తాయి?

చివరికి పెద్దాయన పుల్లని పట్టె పక్కన పెట్టి, "అచ్చు గుద్దినట్టుంది," అన్నాడు. అని, అక్కడే, ఆమె వినేలా, ఉపన్యాసంతో ఇంకో మాట కూడా అన్నాడు. "రంగుల గది కుర్చీకి కూడా మన మనిషినే చూడాలయ్యా. 'మన రంగు' అని అచ్చేసుకుని, కలిపేది వేరేవాళ్ళంటే బాగోదు కదా."

ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె మొహం చూసి అత్తగారు ఊరుకోలేదు.

"ఏమే, ఆ మొహానికి ఏమైంది?"

చెప్పింది.

"అసలెక్కడ అని అడుగుతాడా? వాళ్ళ ముత్తాత పేరేంటో అడుగు. గోడకి ఫోటో ఉన్నంతవరకే ఎవరికైనా వంశం. ఆ పైన అందరం గాలికి వచ్చినవాళ్ళమే."

"అడిగితే కుర్చీ పోతుంది అత్తయ్యా."

"ఇప్పుడేమైనా వచ్చిందా?" అని అత్తగారు మజ్జిగ పోసింది.

మర్నాడు యజమానురాలు వచ్చింది. ఆవిడ పై అంతస్తు ఎక్కుతుందని, పసుపు దీపాలు వేసి, పూలు పెట్టి అందరూ ఎదురుచూస్తుంటే, ఆవిడ గేటు దగ్గరే కారు దిగి, "నాకు టైము లేదు, ఇక్కడికే పట్రండి," అంది. అందరూ కాలుగాలిన పిల్లుల్లా కిందికి పరిగెత్తారు. వెనక రంగులావిడ, ట్రేతో.

ఎండ ఫెళ్ళున కాస్తోంది. పెద్దాయన గడియారం విప్పి, పట్టె పైకి తిప్పి, పక్కన పుల్ల పెట్టి, చిరునవ్వు కూడా పెట్టాడు.

యజమానురాలు కళ్ళజోడు సర్దుకుంది. "ఇదేంటి?"

అందరూ వంగి చూశారు. పట్టె ఒలిచిన బంగాళాదుంపలా ఉంది. పుల్ల చక్కటి గోధుమ ఎరుపులో, పొయ్యి మీంచి అప్పుడే దించిన రొట్టెలా ఉంది. రెండూ ఒకదాన్నొకటి ఎన్నడూ ఎరగవు.

"ఇది మీ రంగు కాదే," అంది ఆవిడ. "రంగు మాత్రం బాగుంది. చాలా బాగుంది. ఎవరిది?"

ఉపన్యాసానికి జీవితంలో మొదటిసారి గొంతు సవరించుకోవడానికి గొంతు దొరకలేదు. యజమానురాలు చుట్టూ చూసి, ట్రే పట్టుకున్న చేతిని చూసి, చొరవగా మణికట్టు పట్టి ఎండలోకి లాగింది. ట్రే వదిన చేతికి పోయింది. పుల్ల ఆ ముంజేతి మీద ఆనించగానే కనిపించడం మానేసింది.

"ఇదిగో. ఈ అమ్మాయి చెయ్యి చూసి కలిపారు. ముందే చెప్పొచ్చుగా?"

పెద్దాయన అందరికన్నా ముందు తేరుకున్నాడు.

"అదేనమ్మా మేమంటున్నది! ఈవిడ చెయ్యే. నా చెయ్యి ఊరికే... తేడా చూపించడానికి పెట్టాను."

"అవునమ్మా," అంది వదిన. "మేమంతా ముందునుంచీ ఈవిడ చెయ్యే అనుకున్నాం."

"ఈ అమ్మాయి ఇక్కడిదేనా? డబ్బా మీద 'మన రంగు' అని వేస్తున్నాం. రేపు ఎవరూ నోరెత్తకూడదు."

"ఇక్కడిదేనా అంటారేంటమ్మా!" పెద్దాయన నొచ్చుకున్నాడు. "తరతరాలుగా ఇక్కడే. వీళ్ళ నాన్న కూడా మన ఫ్యాక్టరీయే. ఆ ముక్కు చూడండి, తెలియట్లేదూ?"

యజమానురాలు ఆమె వైపు తిరిగింది. "మీదెక్కడమ్మా?"

రంగులావిడకి తాత గుర్తొచ్చాడు. చెప్పేస్తే పెద్దాయన మొహం ఎలా మారుతుందో చూడాలనిపించింది. కుర్చీ కూడా గుర్తొచ్చింది, వెనక్కి వాలే కుర్చీ.

"ఇక్కడేనండీ," అంది. "ఫ్యాక్టరీ వెనక వీధి."

అందరూ తలలూపారు. పెద్దాయన అందరికన్నా గట్టిగా ఊపాడు. ఎన్నేళ్ళుగానో ఆమె చెబుతున్న జవాబే అది, అక్షరం మారలేదు. ఆ ఎండలో నిలబడ్డ ఒక్కరికీ దాని వెనక ఇంకోటి ఉండాలనిపించలేదు.

"రంగుల గది ఎవరు చూస్తున్నారిప్పుడు?" అంది యజమానురాలు కారెక్కుతూ.

పెద్దాయన కారు తలుపు పట్టుకున్నాడు. "ఈవిడకే ఇద్దామనుకుంటున్నామమ్మా. మన మనిషి కదా."

కుర్చీ వచ్చింది. టీ బల్ల దగ్గర కూడా ఆమె ఇప్పుడు పూర్తిగా వెనక్కి జరిగి కూర్చుంటోంది. 'మన రంగు' బాగా పోతోంది. ఉపన్యాసం ఎక్కడికెళ్ళినా "గోధుమలో ఎరుపు, అదండీ ఈ మట్టి రంగు," అంటున్నాడు. బయటివాళ్ళు ఎవరొచ్చినా వదిన ఆమెని పిలిచి, "చెయ్యి చూపించమ్మా," అంటోంది.

ఒకరోజు ఎర్ర పొడి ఆర్డరు కనుక్కోవడానికి పెద్దాయన స్వయంగా రంగుల గదికి దిగి వచ్చాడు. మామూలుగా పొడి పడదని ఆ గడప తొక్కడు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. పక్కనున్న పీట చూపించింది. ఆయన చొక్కా దులుపుకుని కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళుగానో అడగాలనుకుంటున్నానండీ," అంది ఆమె, ఎంతో మర్యాదగా. "మీదెక్కడ?"

"నాదా? తెలీదూ? మార్కెట్టు వెనకాల, మేడ ఇల్లు."

"అది ఇల్లు. అసలు?"

పెద్దాయన నవ్వాడు. "అసలూ అదేనమ్మా. మా నాన్నగారు కట్టించిన ఇల్లు."

"మరి తాతగారు?"

"తాతగారు... ఆయన వ్యాపారం మీద అటూ ఇటూ..."

"వాళ్ళ నాన్నగారి పేరేంటండీ?"

ఆయన చెయ్యి దానంతటదే వెళ్ళి గడియారం పట్టీని సవరించుకుంది. మైనం బుడగలు వేస్తోంది. చెమట ఆయన చెవుల పక్క నుంచి మెల్లగా దిగుతోంది.

ఒక్కసారి అడిగి వదిలేద్దామనే ఆమె మొదలుపెట్టింది. నిజంగా అంతే అనుకుంది. కాని ఆ ప్రశ్న నాలుక మీద ఎంత రుచిగా ఉంటుందో, ఇన్నాళ్ళు ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? ఆమె వెనక్కి వాలింది. కుర్చీ సుఖంగా కిర్రుమంది.

"పర్లేదు, నిదానంగా గుర్తు తెచ్చుకోండి," అంది. "అసలు సంగతి అడుగుతున్నా."