నిదానం చక్రం తీసేసిన రోజు

ఆగండాగండి, పేజీ తిప్పెయ్యకండి, ముందీ నిదానం సంగతి వినండి. ఒక చేత్తో టీ పట్టుకుని, ఇంకో చేత్తో కంప్యూటర్‌లో ఒకటే కమాండ్ మళ్ళీ మళ్ళీ కొడుతున్నాడు. నల్లటి తెర మీద చిన్న చక్రం గిరగిరా తిరిగింది, ఆగింది, కింద "పంపాను" అని పడింది. అంతే, ప్రోగ్రాం క్లౌడ్‌లోకి, అంటే ఎక్కడో ఉన్న అద్దె కంప్యూటర్లలోకి, వెళ్ళిపోయింది! సర్వర్లు కొనక్కర్లేదు, వాటికి కాపలా కాయక్కర్లేదు, ఒక్క లైను టైప్ చేస్తే చాలు. ఆ పని చేసే టూల్ ఇవాళ సాయంత్రమే విడుదల.

నిదానం అన్నది ఆఫీసు పెట్టిన పేరు. బట్టతల, మోచేతుల దాకా మడిచిన చొక్కా, మాట్లాడే ముందు గొంతు సవరించుకునే అలవాటు. ఎన్నో కంపెనీల్లో ఎన్నో ప్రోగ్రాంలు రాశాడు, అన్నీ ఎవరి కంటా పడని లోపలి పనులే. ఈ చక్రం ఒక్కటే వేరు. మొన్న అందరికీ చూపించినప్పుడు గది గదంతా చప్పట్లు కొట్టింది. "ఎవరు చేశారిది?" అని మేనేజర్ అడిగితే, అడుగుతున్నది తన గురించేనని తెలియడానికి అతనికి కాస్త టైం పట్టింది. ఆ సాయంత్రం ఇంటావిడకు ఆ ముచ్చట మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

పక్క సీట్లో టెస్టర్. అతనికి చూపు లేదు. తెర మీద పడే ప్రతి అక్షరాన్నీ కంప్యూటర్ చదివి వినిపిస్తుంది. టూల్ అతని చేతికి ఇవాళే వచ్చింది.

"అన్నా, ఏం పెట్టావన్నా ఇందులో? ఇలా రా," అంటూ తన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నిదానం చెవిలో పెట్టాడు.

నిలువుగీత వాలుగీత అడ్డగీత వాలుగీత నిలువుగీత వాలుగీత... చక్రమంటే నిజానికి చకచకా మారే గీతలే, కంప్యూటర్ ఒక్కోదాన్నీ చదివేస్తోంది. కంటికి చక్రం, చెవికి గోల. "అకౌంటు తప్పు, పంపలేదు" అన్న హెచ్చరిక ఆ గోలలో ఎక్కడో కొట్టుకుపోయింది.

"వెళ్ళిపోయిందనుకుని ఇందాక హాయిగా కబుర్లు కూడా చెప్పుకున్నా," అని నవ్వాడు టెస్టర్.

నిదానం నవ్వలేదు. "దాన్ని ఆపుకునే ఆప్షన్ పెడతాలే తమ్ముడూ."

"ఆప్షనుందని తెలిసేలోపు చెవులు పోతాయి కదన్నా!"

నిజమే. అవతల చూసేవాడున్నాడో వినేవాడున్నాడో టూల్‌కి తెలీదు.

మేనేజర్ వినగానే తల పట్టుకున్నాడు. "నిదానం గారూ, విడుదల రోజునా ఇది? పోస్టర్ మీద ఉన్నదే ఆ చక్రం. తర్వాతి వెర్షన్‌లో చూద్దాం."

"మొదటి రోజే విసిగిపోయినవాడు తర్వాతి వెర్షన్ దాకా ఉంటాడా అండీ?"

"చక్రం లేకుండా అది బయటికెళ్ళిందా, రేపట్నుంచి మీరీ ఆఫీసులో ఉండరు. మీ ఇష్టం."

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు. "ఉద్యోగం పోయేలా ఉంది. ఆ చక్రం తీసేస్తున్నా."

అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. "అయ్యో, దాని గురించి అంత ముద్దుగా చెప్పారు కదండీ!"

"ముద్దుగానే ఉంటుంది. కానీ ఒకడికి పని జరగనివ్వడం లేదు."

"సరే, చేసేదేదో చేసి రండి. తర్వాత నా దగ్గర సణగడాలుండకూడదు, అంతే."

వచ్చి కూర్చున్నాడు. మొత్తం ఒక్క దెబ్బతో చెరిపేయొచ్చు, కానీ లైను తర్వాత లైను చదువుకుంటూ తీశాడు. చక్రం బదులు మామూలు మాటలు పెట్టాడు. కళ్ళు మూసుకుని విన్నాడు, నచ్చలేదు, మార్చాడు, మళ్ళీ విన్నాడు. టెస్టర్ కావాలనే తప్పు అకౌంటు ఇచ్చి కమాండ్ కొట్టాడు.

"అన్నా, తిట్టింది! మాట మాటా వినపడేలా తిట్టింది!" అని బల్ల మీద దరువేశాడు.

సాయంత్రం నిదానం గొంతు సవరించుకుని, విడుదల కమాండ్ టైప్ చేసి ఎంటర్ నొక్కాడు. పంపుతున్నాను. పంపాను. తెర మీద ఇంకేమీ కదల్లేదు. అద్దాల గదిలోంచి మేనేజర్ బయటికొచ్చాడు.

"తీసేశారా?"

"తీసేశానండీ."

చప్పట్లు లేవు. సంచీ భుజానికి తగిలించుకుని, "వస్తా తమ్ముడూ," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆ సీట్లో కొత్తమ్మాయి. చక్రం తిరిగి పెట్టి మళ్ళీ విడుదల చెయ్యమన్నాడు మేనేజర్. పాత కోడ్ పెట్టింది, కమాండ్ టైప్ చేసింది, ఇక నొక్కడమే మిగిలింది. నిదానం వదిలేసి వెళ్ళిన కీబోర్డు, నొక్కీ నొక్కీ అక్షరాలు చెరిగిపోయి నున్నగా మెరిసే ఎంటర్ కీ: మీరైతే నొక్కుతారా?