విరిగిన చేప

మా అల్లుణ్ణి దేవుడు బాగుచేశాడట. ఆదివారం చర్చిలో అందరి ముందూ నిలబెట్టి మరీ చెప్పారు. వాడు పాడుచేసినవాటిని ఎవరు బాగుచేస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అల్లుడంటే పరాయివాడు కాదు, మా ఆయన చెల్లెలి కొడుకే. మేనరికమైతే పిల్ల కళ్ళముందే ఉంటుందన్నారు, చేశాం. పేరు బోనార్. మా సరస్సు ఒడ్డువాళ్ళ మాటలో బోనార్ అంటే నిజం. ఆ పేరు పెట్టిన తాతకు హాస్యం కాస్త ఎక్కువే. వాడు నా కల్లు దుకాణంలోనే తాగి ఉంటే ఓ కంట కనిపెట్టి ఉండేదాన్ని. అత్త చేతి కల్లు తాగడం మర్యాద కాదని సరస్సు దాటి వెళ్ళి తాగొచ్చేవాడు. అంత మర్యాదస్తుడు పెళ్ళాం మగ్గం అమ్మేశాడు. అడ్డమొచ్చిందని ఆమె చెయ్యి విరిచాడు. నా కూతురు తియూర్ చంటిబిడ్డతో పడవెక్కి మా ఇంటికొచ్చేసింది. చర్చి వాణ్ణి సంఘంలోంచి వెలేసింది. వాడు ఊరొదిలి పోయాడు, పీడా వదిలిందనుకున్నాను.

ఇదిగో, ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు నున్నగా తల దువ్వుకుని తిరిగొచ్చాడు. పాస్టరుగారు కుమ్మరి గురించీ, చెడిపోయిన కుండను మళ్ళీ చెయ్యడం గురించీ ప్రసంగించారు. ముందు వరసలో ఆడవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. తర్వాత సంఘమంతా వరసకట్టి వాడితో చెయ్యి కలిపింది. నేనూ కలిపాను. కడుక్కుంటే పోయేదానికి ఏముంది!

ఆ సాయంత్రమే సంఘపెద్ద మంగాపుల్ మా దుకాణానికి వచ్చాడు.

"తియూర్ వాళ్ళమ్మా, చర్చి క్షమించేసింది. ఇక నీ కూతురు క్షమించడమే మిగిలింది" అన్నాడు.

"చర్చికి చెయ్యి విరగలేదుగా పెద్దాయనా" అన్నాను.

"అదేం మాట! దేవుడి మీద నమ్మకం లేదా నీకు?"

"దేవుడి మీద లేకేం? ఆయన చేతికిచ్చిన సరుకు మీదే లేదు."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ నా నోటికి ఆయన దగ్గరున్న మందు అదొక్కటే. "పోయిన చెల్లెలి కొడుకే, పైగా మారానంటున్నాడు. శనివారం చేప పెట్టి తియూర్‌ని పంపిద్దాం" అన్నాడు. లోపల వెల్లుల్లి ఒలుస్తున్న తియూర్‌ని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మాలో కాపురం మొదలవ్వాలన్నా, చెడింది మళ్ళీ నిలబడాలన్నా పిల్లనిచ్చినవాళ్ళు చేప వండి పెట్టాలి. పొలుసు కూడా తియ్యకూడదు. తల నుంచి తోక దాకా ఒక్కటిగా, నీళ్ళలో ఈదుతున్నట్టే పళ్ళెంలోకి రావాలి. విరిగిన చేప పెట్టడమంటే మీ కాపురం ముక్కలవ్వాలని నోరారా తిట్టడమే. అందుకే వండేటప్పుడు తిప్పం, కదపం, చిన్న మంట మీద ఊరికే కూర్చుంటాం. శనివారం నేనూ అలాగే పసుపూ, కొండ మిరియమూ, అడవి అల్లం మొగ్గలూ దట్టించి, పొయ్యి దగ్గర కూర్చున్నాను. గరిటె చేతిలోనే ఉంది. ఒక్క పోటు పొడిస్తే చాలు, చేపా రెండు, వాళ్ళ తంతూ బంద్. కానీ తల్లే కూతురి కాపురానికి శాపం పెట్టిందన్న మాట చచ్చేదాకా మొయ్యాలి. దేవుడికంటే నాకు నలుగురి నోళ్ళంటేనే భయం. చేపను చంటిబిడ్డలా ఎత్తి పళ్ళెంలో పడుకోబెట్టి, మూత పెట్టి, బట్టలు మార్చుకోవడానికి వెళ్ళాను.

చాప మీద బోనార్ తల దించుకుని కూర్చున్నాడు. మంగాపుల్ ప్రార్థన ఆదాముతో మొదలైంది. అది మా ఊరు చేరేసరికి అన్నం చల్లారిపోయింది. ఆమెన్ అనగానే మా ఆయన పళ్ళెం మీది మూత తీశాడు.

చేప సరిగ్గా నడుం దగ్గర రెండు ముక్కలై ఉంది.

అందరూ నా వైపే చూశారు. చూడరా మరి, నా నోటికున్న పేరు అలాంటిది!

"ఎంత పని చేశావే!" అన్నాడు మా ఆయన.

"నేను కాదు మొర్రో!" అన్నాను. ఒక్కరన్నా నమ్మితే ఒట్టు.

"అమ్మ కాదు నాన్నా, నేనే విరిచాను." తియూర్ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఎంత అపశకునం తల్లీ! అక్కడ దేవుడు అతికిస్తుంటే ఇక్కడ నువ్వు విరుస్తావా?" అన్నాడు మంగాపుల్.

"అతికించనివ్వండి పెద్దయ్యా, ఎవరొద్దన్నారు? పని సగంలో ఉండగానే ఆయన చేతిలోంచి లాక్కొచ్చి మా ఇంట్లో పెడుతున్నది మీరు. దేవుడు ఇతన్ని మారుస్తాడని నాకు నమ్మకముంది. మీకే లేదు. ఉంటే ఇంత తొందరెందుకు? పాత బుద్ధి పైకి రాకముందే నాకు అంటగట్టి చేతులు దులుపుకుందామనా?"

తియూర్ బోనార్ వైపు తిరిగింది.

"బావా, నేను రాను. తర్వాతైనా వస్తానని కూడా మాటివ్వను. నేను రాకపోయినా మారతావా? అది నువ్వూ దేవుడూ తేల్చుకోండి."

నేను పక్కనున్న మనవరాల్ని లాగి నా వెనక్కి నెట్టుకున్నాను. వాడి సంగతి నాకు తెలియదా? నలుగురిలో పరువు పోతే ముందు పళ్ళెం గోడకెళుతుంది, తర్వాత చెయ్యి మనిషి మీదికెళుతుంది. వాడి చెయ్యి పళ్ళెం మీదికి వచ్చింది. నేను సగం లేచాను.

వాడు పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు.

"తియూర్ చెప్పిందే సబబు మామా" అన్నాడు, తల ఎత్తకుండానే.

"విరిగిన చేప అల్లుడు తినకూడదురా, తప్పు!" అని అరిచాడు మంగాపుల్.

"అల్లుడిగా కాదు పెద్దయ్యా, ఆకలేస్తోంది. పొద్దుట్నుంచీ భయంతో ఏమీ తినలేదు."

తిన్నాడు. ముళ్ళు కూడా సరిగ్గా తియ్యకుండా, తోక ముక్క ముందేసుకుని తిన్నాడు. కళ్ళ నీళ్ళు కారి చేపలో పడుతున్నాయి. మిరియం ఘాటేలే అని సరిపెట్టుకుందామని చూశాను, నా వల్ల కాలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వీడు బాగుపడడన్న నమ్మకంతో ఇన్నేళ్ళూ హాయిగా నిద్రపోయాను. ఆ నిద్ర కూడా చెడగొట్టాడు వెధవ. ఇక నుంచి పడుకునే ముందు వీడి కోసం కూడా మోకరించాలి కాబోలు. దేవుడు వాణ్ణి ఎంతవరకు మార్చాడో నాకు తెలియదు గానీ, ఉన్నట్టుండి నా జోలికి వచ్చాడు.

కళ్ళు తుడుచుకుని అన్నం గిన్నె అందుకున్నాను.

"ఇంకాస్త పెట్టమంటావా?" అన్నాను. అల్లుడా అని మాత్రం అనలేదు.