పదహారు పేజీల తేడా

ఆ ఆఫీసులో ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక అరగంట పుస్తకాల గురించి మాట్లాడుకుంటారు. గోడకు తెల్లబోర్డు ఒకటి తగిలించి, పైన ‘ఇప్పుడు చదువుతున్నవి’ అని రాశారు. కింద ఎనిమిది మంది పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో పుస్తకం. ఎంత ముచ్చటైన ఏర్పాటు! పాఠక మహాశయులారా, కాస్త దగ్గరికి వెళ్లి చూడండి. తత్వశాస్త్రం, ప్రపంచ చరిత్ర, ఎవరిదో ఐదు సంపుటాల ఆత్మకథ. క్యాషియరు పేరు పక్కనున్న పుస్తకం ఎనిమిది నెలలుగా అక్కడే ఉంది, రాసిన సిరా కూడా వెలిసిపోయింది. అయినా ఆయన ప్రతి శుక్రవారం లేచి, “మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాను, అంత లోతుంది దాంట్లో” అంటాడు. మిగిలినవాళ్లు తలలూపుతారు. రేపు తమ వంతు వచ్చినప్పుడు ఆయన కూడా తల ఊపాలి కదా.

ఆ శుక్రవారం ఆఫీసు రిజిస్టర్లు కుట్టి తెచ్చిన బైండరు మూట దించి తలుపు దగ్గర నిలబడ్డాడు. రికార్డు రూములో పనిచేసే అతని అక్క వంతు అప్పుడే వచ్చింది. ఆవిడ చీర కొంగు సర్దుకుని లేచింది.

“నేను డిటెక్టివ్ తాబేలు చదువుతున్నానండి. బొమ్మల కథలు. నాలుగు భాగాలయ్యాయి. స్టేషన్లో గడియారం ఎవడో ఎత్తుకుపోయాడు. వాడు రైలెక్కి పారిపోతుంటే ఇది టోపీ పెట్టుకుని పట్టాల పక్కనే నడుచుకుంటూ పోతుంటుంది. భలే నవ్వొస్తుందండి.”

నవ్వు నిజంగానే వచ్చింది, కానీ తాబేలును చూసి కాదు. సూపరింటెండెంటు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఏమ్మా, పాలసీసా కూడా తెచ్చుకున్నావా?”

గది గొల్లుమంది. ఆయన నెమ్మదిగా లేచి, ఆవిడ పేరు పక్కనున్న అక్షరాలను తన చేతిరుమాలుతోనే తుడిచేశాడు. “పైవాళ్లెవరైనా వచ్చి ఈ బోర్డు చూస్తే మన పరువేం కావాలి? సరే, అందరం ఒక పద్ధతి పెట్టుకుందాం. మన లైబ్రరీలో ఆ ఏడువందల పేజీల నవల ఉంది. తలా మూడు రోజులు తీసుకుని చదవండి. చదివినవాళ్లు అట్ట లోపల సంతకం పెట్టాలి. మొదట నేనే చదువుతాను, ఆఖరున ఈవిడ. అప్పటికైనా కాస్త ఎదుగుతుంది.” తర్వాత బైండరు వైపు తిరిగి, “ఏమయ్యా, దాని వీపు ఊడిపోయింది. పట్టుకెళ్లి గట్టిగా కుట్టి తీసుకురా” అన్నాడు.

ఏడువందల పేజీలు మూడు రోజుల్లో ఎలా పూర్తవుతాయని ఆ గదిలో ఒక్కరు కూడా అడగలేదు.

బైండరుకు ఒళ్లు మండిపోయింది. అక్క తాబేలు కథ ఎందుకు చదువుతుందో ఆ గదిలో అతనికొక్కడికే తెలుసు. బావ ఇరవై ఆరేళ్లు బస్సు నడిపిన మనిషి. స్టీరింగు ముందు కూర్చుని స్టాపు స్టాపుకీ జోకులేసేవాడు. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. మాటలు నేర్పే డాక్టరమ్మ ‘కుర్చీ’, ‘అరటిపండు’ అని రాసిన అట్టముక్కలు ఇస్తే గోడకేసి విసిరికొట్టాడు. ఏడు నెలలు ఇంట్లో మాటల్లేవు. ఒకరోజు అల్మరా అరల్లో పరచడానికి అక్క పాత కాగితాల దుకాణం నుంచి ఒక కట్ట తెచ్చింది. అందులో ఎనిమిది భాగాల డిటెక్టివ్ తాబేలు ఉంది, ఒక్కోటీ పదహారు పేజీలు. బావ ఎడంచేత్తో ఒకటి లాక్కుని, దొంగ వెనకాల తాబేలు అరుస్తున్న బొమ్మ మీద వేలు పెట్టి, “ఆ... గు!” అన్నాడు. ఆవిడ చేతిలో గ్లాసు జారిపోయింది. ఆనాటి నుంచి సాయంత్రం ఆవిడ ఆఫీసు నుంచి రాగానే ఇద్దరూ కలిసి ఒక్కో పేజీ చదువుతున్నారు.

“బావ సంగతి చెప్పాల్సిందక్కా. వాళ్ల నోళ్లు మూతపడేవి” అన్నాడు బైండరు మెట్లు దిగుతూ.

“జాలి అడుక్కున్నట్టుంటుందిరా. అయినా వాళ్లన్నదాంట్లో తప్పేముంది? ఈ వయసులో నాకు తాబేళ్లేంటి?” అందావిడ. ఆ మాటతో తమ్ముడికి కోపం ఇంకా పెరిగింది.

ఆ కోపంతోనే దుకాణంలో కూర్చున్నాడు. బల్ల మీద ఒకవైపు ఆఫీసు నవల, పదహారేసి పేజీల ఫారాలుగా విప్పి ఉంది. ఇంకోవైపు అక్క కుట్టమని ఇచ్చిన ఎనిమిది తాబేలు పుస్తకాలు, చివర్లు నలిగి. కొలత రెండిటిదీ ఒకటే. చేతులు కుడుతున్నాయి, మనసు మాత్రం ఇంకా ఆ చేతిరుమాలు దగ్గరే ఉంది. రెండూ కుట్టాడు, అంచులు కోశాడు, గట్టి అట్టలు వేశాడు. నవల ఆఫీసుకు వెళ్లింది, తాబేలు ఇంటికి వెళ్లింది.

మూడు వారాల తర్వాత అక్కను చూడటానికి వెళ్తే, బావ కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. పలకరిస్తే తల కూడా తిప్పలేదు. తాబేలు బైండు అల్మరా పైన పాత సూట్‌కేసు కింద ఉంది.

“చదవడం మానేశారా?” అన్నాడు తమ్ముడు.

“నేనే మానిపించాను. పిల్లచేష్టలు అనిపించింది. పేపరు ఇస్తున్నాను, ముట్టుకోడు.”

“ఎవడో వెక్కిరించాడని బావ నోరు నువ్వు కట్టేస్తావా?”

బైండరు స్టూలెక్కి ఆ బైండు లాగి, దుమ్ము దులిపి, బావ ఒళ్లో పెట్టాడు. బావ దాని వైపు చాలాసేపు చూశాడు. ఎడంచేత్తో పేజీలు తిప్పాడు. నాలుగో భాగం చివర రైలు సొరంగంలోకి వెళ్లిపోయింది. పేజీ తిప్పాడు. ఆగాడు. ముందుకు తిప్పాడు, వెనక్కు తిప్పాడు. మొహం ఎర్రబడింది. పుస్తకం మీద అరచేత్తో ఠపఠపా కొట్టాడు.

“తా... బే... లు... ఏ... ది?”

అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బైండరు వంగి చూశాడు. ఒక్క బొమ్మ కూడా లేదు. కిక్కిరిసిన అక్షరాలు, మూల మీద 321. ఇరవై ఏళ్ల పనిలో ఒక్క ఫారం తారుమారు చేసిన మనిషి కాదు. నవలలోని పేజీలు ఇక్కడుంటే, తాబేలు ఐదో భాగం ఎక్కడుందో వేరే చెప్పాలా?

మరునాడే శుక్రవారం. వెళ్లి చల్లగా పుస్తకం అడిగి తెచ్చుకుని సరిచేస్తే ఎవరికీ తెలియదు. దారి పొడవునా అతను ఆలోచించింది మాత్రం ఇంకొకటి. రిజిస్టర్లో ఒక గీత వంకర పోతే రెండుసార్లు కబురు పెట్టే ఆఫీసు ఇది. మూడు వారాలుగా ఒక్క తిట్టు కూడా ఎందుకు రాలేదు?

అతను వెళ్లేసరికి సభ రంజుగా ఉంది. ఏడుగురూ చదివేశారు. అట్ట లోపల ఏడు సంతకాలు, ఒక్కోటీ అరచేయంత. క్యాషియరు కళ్లు సగం మూసి చెబుతున్నాడు.

“ముఖ్యంగా ఆ మధ్యభాగం! రచయిత గుండెను పిండేశాడండీ. నాకైతే కన్నీళ్లాగలేదు.”

“ఆ మధ్యభాగమే పుస్తకానికి ప్రాణం” అన్నాడు సూపరింటెండెంటు, పుస్తకం అక్క చేతిలో పెడుతూ. “తీసుకోమ్మా. పెద్దవాళ్ల చదువంటే ఏమిటో తెలుస్తుంది.”

“అయ్యా, ఒక్క మాటండి” అన్నాడు బైండరు తలుపు దగ్గర్నుంచి. “అది కుట్టడంలో నేను తప్పు చేశాను. క్షమించాలి. అక్కా, మూడు వందల ఇరవై దాటి తెరువు.”

అక్క తెరవబోయింది. తెరుచుకోలేదు. కొత్తగా కోసిన అంచులు కదా, మొదటి నలభై పేజీలు విడివడ్డాయి కానీ మిగతావన్నీ ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. ఆవిడ బొటనవేలితో మెల్లగా విడదీసింది. పేజీ నిండా టోపీ పెట్టుకున్న తాబేలు, చేతిలో భూతద్దం.

అక్క పుస్తకాన్ని అందరికీ కనిపించేలా తిప్పింది.

“ఇది... నేను గమనించాను. చెప్పడం ఎందుకని...” అని మొదలుపెట్టాడు సూపరింటెండెంటు.

“గమనిస్తే నన్ను బతకనిచ్చేవారాండీ?” అన్నాడు బైండరు. “ఏడుగురు సంతకాలు పెట్టారు. క్యాషియరుగారు ఏడ్చారట కూడా. దేన్ని చూసి ఏడ్చారండీ, గడియారం పోయిందనా? ఈ తప్పు పట్టుకున్న మనిషి ఒక్కడే. చెయ్యి పడిపోయి, మాట పడిపోయి, ఇంట్లో కూర్చున్న మా బావ. కూడబలుక్కుని చదివే ఆయనకి ఒక్క పేజీ తిప్పగానే తెలిసింది. ఎందుకంటే ఆయన చదువుతున్నాడు.”

క్యాషియరు చేతి గడియారం చూసుకున్నాడు. ఒకావిడ పర్సులో ఏదో వెతకసాగింది. సూపరింటెండెంటు జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. దాని మీద ఆనాటి బోర్డు సిరా మరక ఇంకా పోలేదు.

అక్క నవలను బల్ల మీద పెట్టి బోర్డు దగ్గరికి నడిచింది. తన పేరు పక్కనున్న ఖాళీలో ‘డిటెక్టివ్ తాబేలు, ఐదో భాగం, మా ఆయనతో కలిసి’ అని గుండ్రంగా రాసింది. పెన్ను మూత పెట్టి వెనక్కు తిరిగింది.

“చదవని పుస్తకాల పేర్లు చెప్పుకుంటూ, చదివేదాన్ని సిగ్గుపడమనడానికి మీకు నోరెలా వచ్చిందండీ? మీ మాట విని నేను సిగ్గుపడ్డాను. సిగ్గుపడి నా మొగుడి మాట ఆపేశాను. మీ తప్పు కన్నా నా తప్పే పెద్దది. ఇంకోసారి చెయ్యను.”

ఆ అక్షరాలను తుడవడానికి ఈసారి ఎవరూ లేవలేదు.

ఆ సాయంత్రం తమ్ముడు రెండు పుస్తకాలూ విప్పి ఫారాలు సరిచేశాడు. ముందు తాబేలు కుట్టాడు, నవలకు తొందర లేదు, దాని కోసం ఎదురుచూసేవాళ్లెవరూ లేరు. ఇంట్లో బావ పుస్తకం గుంజుకుని నాలుగో భాగం దాటించాడు. సొరంగం అవతల రైలు ఆగి ఉంది. గడియారం చంకలో పెట్టుకుని దిగుతున్న దొంగ ముందు, చెమటలు కక్కుతూ, తాబేలు నిలబడి ఉంది. అక్క వేలు పెట్టి చూపించబోతే ఆయన ఆవిడ వేలు పక్కకు నెట్టాడు.

“దొ... రి... కా... వు!” అన్నాడు. అని, ఏడాదిలో మొదటిసారి పగలబడి నవ్వాడు.

పాఠకులారా, ఎవరినైనా ఏం చదువుతున్నారని అడగండి, చెబితే విని సంతోషించండి. వెక్కిరించాలని నోరు దురద పెడితే మాత్రం, ముందు మీ పుస్తకం తెచ్చుకుని, మూడు వందల ఇరవై ఒకటో పేజీ విడదీసి చూసుకోండి.