సున్నం డబ్బాలో షుగరు మాత్ర

"ఒలే నీలా, కడుపులో మెతుకు లేకండా ఆ మాత్ర ఎయ్యకే. పని కాడ పడిపోతే నానేటి సేతును?"

ఈ మాట అన్నది సన్యాసమ్మ. పలాసలో, వాళ్ల వాకిట్లో, పొద్దున్నే అన్నది. అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు.

వింటున్న నేను ఒక ఇత్తడి సున్నం డబ్బాను. బుడితిలో ఇత్తడి పని చేసే ఒకాయన నన్ను తయారుచేసి, మూత బిగించి, "మూడు తరాలకి వత్తాది" అన్నాడు. మొదటి తరం సన్యాసమ్మ అత్తగారు. ముప్పై ఏళ్లు ఆవిడ రొంటిన సున్నం మోశాను. ఆవిడ పోయాక సన్యాసమ్మ నన్ను చింతపండుతో తోమి అటక మీద పడేసింది. కూతురు నీలవేణికి షుగరు వచ్చాకే నాకు మళ్లీ పని దొరికింది. మాత్రల షీటును ముక్కలుగా కత్తిరించి, ఏ రోజు ముక్క ఆ రోజు నాలో పెట్టి, నన్ను రొంటిన దోపుకునేది.

తల్లీ కూతుళ్లది ఒకటే జీడిపప్పు షెడ్డు. తల్లి కాయ కొట్టే వైపు, కూతురు పొట్టు తీసే వైపు. సన్యాసమ్మకు అన్నీ భయాలే. కూతురు దగ్గితే క్షయ అంటుంది, ఆలస్యమైతే లారీ గుద్దిందంటుంది. అందుకే షెడ్డులో ఆమె మాట ఎవరూ చెవిన వేసుకోరు.

ఆ రోజు కార్తీక సోమవారం. చుక్క చూసేదాకా నీలవేణి ఏమీ తినదు.

"మాత్ర తిండేటే అమ్మా? నీల్లతో ఏసుకుంటే ఉపాసం సెడదు" అని మింగేసి, ఖాళీ రేకు ముక్కను నాలోనే పెట్టి మూత వేసింది. తిండితోనే వేసుకోమని డాక్టరు చెప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. కానీ చెప్పడానికి నాకు నోరేది?

మధ్యాహ్నం రెండింటికి ఆమె నడుము వణకడం నాకే ముందు తెలిసింది. చీర తడిసి చెమట నా మీదికి వచ్చింది. ఎదురుగా గుట్టగా జీడిపప్పు ఉన్నా ఒక్క పలుకు నోట్లో వేసుకోలేదు. జుట్టు విప్పేసుకుంది. తను ఎన్నడూ తలెత్తి చూడని మేస్త్రిని పట్టుకుని "ఎవడివిరా నువ్వు" అంది.

"అమ్మోరు పూనింది" అంది పక్కన కూర్చునే ఎర్రయ్యమ్మ.

ఇక కుంకం వచ్చింది, కర్పూరం వచ్చింది. "మా ఇంటి పట్టా ఎప్పుడొత్తాది తల్లీ?" అని ఒకామె అడిగింది. నీలవేణి "ఎర్ర బస్సు" అంది. దానికీ ఏదో అర్థం చెప్పుకుని దండం పెట్టుకున్నారు.

కబురు విని సన్యాసమ్మ పరుగెత్తుకొచ్చింది. "అమ్మోరు కాదర్రా, సుగరు పడిపోనాది" అంటూ గ్లాసులో పంచదార కలిపింది. ఎర్రయ్యమ్మ అడ్డం వచ్చింది.

"నీకు పెతీదీ బయిమే పిన్నీ. అమ్మోరు ఒంటి మీదుండగా ఉపాసం సెడగొడతావా? ఊరుకుంటాదా?"

సన్యాసమ్మ చెయ్యి ఆగింది. అమ్మవారన్నా ఆమెకు భయమే మరి. ఆ కాస్త ఆగడంలోనే నీలవేణి పక్కకు ఒరిగిపోయింది. ఇప్పుడు గ్లాసు నోటికి ఆనించినా మింగే మనిషి లేదు. "ఊపిరికి అడ్డం పడతాది, పొయ్యకు" అని మేస్త్రి గ్లాసు లాక్కుని ఆటో పిలిచాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఏ మాత్ర అని అడిగాడు. సన్యాసమ్మకు పేరు తెలియదు. కూతురి రొంటి నుంచి నన్ను లాగింది. మూత రాకపోతే పళ్లతో పీకింది. రేకు ముక్క మీద సగం పేరే ఉంది. డాక్టరుకు అది చాలింది. నరానికి గ్లూకోజు ఎక్కించాడు.

"లేచినా రేపటిదాకా పంపను. ఈ మాత్ర మళ్లీ షుగరు పడగొడుతుంది" అన్నాడు.

"లెగకపోతే బాబూ?"

ఆయన నీలవేణి నాడి పట్టుకున్నాడు.

సన్యాసమ్మ నన్ను పిడికిట్లో బిగించింది. నా అంచు ఆమె అరచేతిలో దిగుతున్నా వదల్లేదు. "నీలా... నానే ఆపీసినానే సెయ్యి. నీలా... పలకవే." సీసాలో మందు సగానికి దిగింది. కూతురి కనురెప్ప కదల్లేదు. ఆమె పిలుస్తూనే ఉంది, గొంతు పోయి గాలి మాత్రమే వస్తున్నా పిలుస్తూనే ఉంది.

ఎండిపోయిన పెదాలు కాస్త విడివడ్డాయి.

"ఆకలేత్తందే అమ్మా."