చిల్లగింజ నీళ్లు

ఆ ఏడు వానలు మొదలైన వారానికే బడిలో బోరింగు మూలబడింది. మిగిలింది పాత బావి. అందులో నీళ్లు ఎర్రమట్టి కలిపినట్టుండేవి. పిల్లలు మధ్యాహ్నం అన్నం తినగానే దాహమంటూ తండాకు పరిగెత్తేవారు. పోయినవాళ్లు మళ్లీ వస్తారా? రారు. లెక్కల పాఠమేమో మధ్యాహ్నమాయె. నలుగురికేం చెబుతానని జోయెల్ సారు పుస్తకం మూసేసేవాడు.

ఏడో తరగతి ద్వాలికి అదే దిగులు. ఏడాది చివర పెద్ద పరీక్ష, భిన్నాలు మొదలే కాలేదు. ఇంటినుంచి సీసాతో నీళ్లు తెచ్చుకునేది. “ఒక్క గుక్కే ద్వాలీ” అంటూ ప్రార్థన గంటకే స్నేహితులు ఖాళీ చేసేవారు.

వంట చేసే ముత్యాలమ్మ చూసి చూసి అంది: “మీ అమ్మ చిల్లగింజలు దాచే ఉంటది బిడ్డా, పట్కరా. గింజ పడితే మట్టి అడుక్కు పోతది. ఎన్క నేను కాగబెడ్త.”

మర్నాడు ద్వాలి దోసెడు గింజలు తెచ్చి, వీటితో నీళ్లు తేటపడతాయని చెప్పి సారు చేతిలో పోసి, గది ఊడ్వడానికి పోయింది. ముత్యాలమ్మ ఇంకా రాలేదు. ఖమ్మంలో పెరిగిన సారుకు గింజ సంగతి ఏం తెలుసు? దోసెడూ కుండ నీళ్లలో గుమ్మరించి మూతపెట్టాడు. గంటైనా నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. ద్వాలి ముఖం వాడిపోయింది.

ముత్యాలమ్మ వచ్చి కుండలోకి తొంగిచూసి, కడుపు పట్టుకుని నవ్వింది.

“ఏంది సారూ, జరమొచ్చినోనికి గోలీలేసినట్టేసినవ్! కుండ లోపల అరగదియ్యాలె!”

“ముందే చెప్పొద్దా అమ్మా?”

“నువ్వు ఆగితే గద!”

గింజను తడికుండ లోపల గరగరా అరగదీసి, నీళ్లు పోసింది. పప్పు ఉడికేలోగా మట్టంతా అడుగున పేరుకుంది. పైతేట వడగట్టి, కాచి, వెడల్పు గిన్నెల్లో ఆరబెట్టింది. గోరువెచ్చనివైనా పిల్లలు చాయ్‌లా ఊదుకుంటూ తాగారు. తండా దారి పట్టినవాడు ఒక్కడూ లేడు.

నిండిన తరగతిని చూసి సారుకు హుషారొచ్చింది. బోర్డు మీద రొట్టె గీసి మూడు ముక్కలు చేశాడో లేదో, బద్యా చిటికెన వేలు చూపించాడు. వాడి వెనక ఇంకొకడు. తర్వాత వరసగా అందరూ.

“కుండెడు తాగిన్రేందిరా! జల్దీ పోయిరాండ్రి!”

గదిలో ద్వాలి ఒక్కతే మిగిలింది.

“నువ్వు పోవా?”

“అవ్ సారూ, పోవాలె. గా లెక్క అయినంక.”

సారు నవ్వి ఒక లెక్క చేసి చూపించి, సుద్దముక్క ఆమెకిచ్చాడు. ద్వాలి కాళ్లు మెలిపెట్టుకుని నిలబడి, మూడింట ఒకటికి ఆరింట ఒకటి కలిపి, సగమని రాసి, జవాబు కింద గీతైనా గీయకుండా బయటికి ఉరికింది.