అవతలి గట్టు కనబడే డాబా

నేను ఒక యాంటెన్నాని. తెల్లగా, అన్నం తినే కంచమంత ఉంటాను. మీరు ఖాళీ గాలి అనుకునే చోట నాకు మాటలూ బొమ్మలూ పాటలూ సన్నని వానలా కురుస్తూ కనబడతాయి. పుట్టిన ఫ్యాక్టరీ అంతగా గుర్తులేదు. చల్లటి గది, తొడుగులు వేసుకున్న చేతులు, ఆ తర్వాత అట్టపెట్టెలో చాలాకాలం చీకటి. అదంతా నిద్రలో జరిగినట్టే ఉంది.

మొదటి కొలువు రాజమండ్రిలో ఒక లాడ్జి మీద. దిగినవాళ్లు మంచినీళ్లకంటే ముందు నా పాస్‌వర్డ్ అడిగేవారు. ఒకే గదిలో దిగిన మొగుడూపెళ్లాలు ఊళ్లోవాళ్లందరికీ సందేశాలు పంపేవారు, అన్నీ నేనే మోసేదాన్ని. ఒకరికొకరు మాత్రం పంపుకోగా చూడలేదు. కొత్త యాంటెన్నా వచ్చాక నన్ను మాడిపోయిన ట్యూబులైట్ల పక్కన పడేశారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అక్కడినుంచి నన్ను ఏరుకొచ్చింది బేబీరాణి.

బేబీరాణి ఒక లంకలో అంగన్‌వాడీ టీచరు. లంకంటే గోదావరి పాయల మధ్య కొబ్బరితోటల దీవి. సెల్లు సిగ్నలు అంత దూరం అందదు. అందుకని లంక జనం కలిసి తమ నెట్ తామే పెట్టుకున్నారు. అవతలి గట్టున వాటర్ ట్యాంకు దాకా తీగలో నెట్ వస్తుంది. ట్యాంకు మీది యాంటెన్నా గాల్లోంచి ఇవతలి ఇంటికి అందిస్తుంది, ఆ ఇల్లు పక్కింటికి, పక్కిల్లు మరో ఇంటికి. చేరతామని వచ్చినవాళ్లకి బేబీరాణి చెప్పేది ఇంతే. "మీ యాంటెన్నాకి అవతలి యాంటెన్నా అడ్డు లేకుండా కనబడాలి. మీ ఇంటిమీదుగా పక్కోళ్ల మాటలు కూడా పోనివ్వాలి. మరేం లేదు."

నన్ను తెచ్చింది వీరవేణి కోసం. ఆమె జాకెట్లు కుడుతుంది. పుట్టుకతో వినబడదు, మాట రాదు. చెల్లెలు నాగవేణికీ అంతే. చిన్నప్పుడు ఇద్దరూ ఎవరూ నేర్పకుండానే చేతులతో ఒక భాష అల్లుకున్నారు. అది ఆ ఇద్దరికే వచ్చు. చెల్లెలు బట్టల కంపెనీలో పనికి తిరుప్పూరు వెళ్లాక వీరవేణి చేతులకు కుట్టడం తప్ప మరో పని లేకుండా పోయింది. భర్త బుల్లియ్య మంచివాడే, ఆకలి, నిద్ర, జ్వరం వరకు సైగలు తెలుసు. మనిషికి చెప్పుకోవలసినవి ఆ మూడేనా? నాకు కడుపంటూ లేదు గానీ, ఉంటే తరుక్కుపోయేదే.

బుల్లియ్య కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపుతాడు. ఎత్తు అంటే అతనికి కొబ్బరిచెట్టే. ట్యాంకు కనబడాలి అనగానే నన్ను నడుముకు కట్టుకుని పెరట్లో చెట్టెక్కి చిటారున లేతాకుల మొవ్వు కింద బిగించేశాడు.

"చెట్టు ఊగితే లాభం లేదు బుల్లియ్యా" అంది బేబీరాణి కిందనుంచి.

"మా తాతేసిన చెట్టండి. ఇదెక్కడ ఊగుద్దండీ!" అన్నాడు.

గాలి కదలని మధ్యాహ్నం అది. ట్యాంకు నాకు అద్దంలోలా కనబడింది. ఫోనులో నాగవేణి మొహం వెలిగింది. అక్కచెల్లెళ్ల చేతులు ఒక్కసారే లేచాయి. ఇంతలో ఏటిమీదనుంచి గాలి వచ్చింది. చెట్టు తూగింది, నేనూ తూగాను. కాసేపు ట్యాంకు, కాసేపు మబ్బు, కాసేపు ఏటి మెరుపు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంత హాయి నేనెన్నడూ ఎరగను. కానీ కింద నాగవేణి చేతులు సగంలో బిగుసుకుపోయాయి. ఏదో పెద్ద సంగతే చెప్పబోతోంది. ఆ చేతులు మళ్లీ కదలలేదు. వీరవేణి ఫోను ఒళ్లో పెట్టుకుని చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది.

వాళ్ల తాటాకిల్లు ఎత్తు చాలదు. అవతలి గట్టు కనబడే డాబా ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. అది పక్కింటి వెంకటరత్నంగారిది. ఆయనకు కొబ్బరితోటంటే ప్రాణం.

"ఆ తరంగాలకి పిందెలు రాలిపోతాయమ్మాయ్. నా తోట జోలికి రాకండి" అన్నారు.

"వచ్చే దింపు దాకా ఉంచండి బాబాయ్. కాయ తగ్గితే నేనే విప్పి పట్టుకుపోతాను" అంది బేబీరాణి.

దింపంటే కాయలు దించే రోజు. లంకలో జనం నెలలకంటే దింపులే ఎక్కువ చెప్పుకుంటారు. ఆయన సణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

డాబామీద ఇనపగొట్టానికి బిగించాక నా చూపు నిలిచింది. తెల్లారుతుంటే గోదావరిమీద మంచు లేస్తుంది, ట్యాంకు అందులో తేలుతున్నట్టుంటుంది. అక్కడినుంచి అందుకుని వీరవేణి ఇంటి చూరుకింది చిన్న పెట్టెకి అందిస్తాను. నా బతుకులో ఎన్నో మాటలు మోశాను గానీ చప్పుడు లేని మాటలు మోయడం అదే మొదలు. అవి నాలోంచి పోతుంటే నీళ్లకింద చేపలు మెదిలినట్టుండేది. ఆ వేళ సగంలో ఆగిన సంగతి కూడా నాగవేణి చెప్పేసింది. అదేమిటో నాకు తెలియదు, ఆ భాష నాకు రాదు. వీరవేణి మాత్రం ముక్కుమీద వేలేసుకుంది.

దింపు వచ్చింది. బుల్లియ్య పక్కింటి తోటలో కాయలన్నీ దించి పోగేశాడు. పోగు చిన్నది. నిజంగానే చిన్నది. నా తప్పేమీ లేదని ఒట్టేసి చెప్పగలను గానీ నాకు నోరేది? వెంకటరత్నంగారు పోగు చుట్టూ తిరిగి, తలెత్తి నన్ను చూశారు. బేబీరాణి అన్న మాట ప్రకారం నిచ్చెన తెచ్చి గోడకి ఆనించింది. కంచె అవతల వీరవేణి పోగునీ నిచ్చెననీ చూసి రెండు చేతులూ కొంగులో దాచుకుంది. ఆమెవైపు వెంకటరత్నంగారు చాలాసేపే చూశారు.

"ఎలకలు బుల్లియ్యా, ఈసారి ఎలకలు బాగా కొట్టేసినాయి" అన్నారు గట్టిగా.

బుల్లియ్య చేతిలో కాయ తిప్పి చూశాడు. ఎక్కడా పంటిగాటు లేదు. "ఆయ్, ఎలకలేనండి" అన్నాడు.

ఆ మాట వీరవేణికి వినబడలేదని ఆయనకు అప్పుడు తట్టింది. ఇబ్బందిగా అటూ ఇటూ చూశారు. తర్వాత రెండు వేళ్లు పళ్లలా పెదవికింద పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి, అంత పెద్దమనిషీ కొబ్బరికాయ కొరికే ఎలకైపోయారు.

వీరవేణి చేతులు కొంగులోంచి బయటికి వచ్చాయి. ఆమె నవ్వింది. ఆ నవ్వు లంకంతా వినబడింది, ఆమెకు తప్ప.